టెలివిజన్ గ్రీకా, లాటినా? ఒక్క మార్కు తగాదా

మూడులాంతర్ల_అమ్మ
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పోయిన వారం బడిలో సామాన్య జ్ఞానం పరీక్ష పెట్టారు. 25 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక్క మార్కు. అందులో ఒకటి: "టెలివిజన్ అనే పదం ఏ భాష నుంచి వచ్చింది?" కింద నాలుగు జవాబులు: గ్రీకు, లాటిన్, ఫ్రెంచి, జర్మన్. పిల్ల గ్రీకుకు టిక్కు పెట్టింది. ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన "లాటిన్" అని రాశారు. 25కి 24.

టెలిఫోను, టెలిస్కోపు, టెలిగ్రాము అన్నీ గ్రీకు మాటలేనని వాళ్ల సైన్సు మాస్టారే తరగతిలో చెప్పారట. వాటి తోబుట్టువులా ఉన్న టెలివిజన్ ఒక్కటీ లాటిన్ ఎలా అయిందని దాని ప్రశ్న. బడికి వెళ్లి అడిగాను. "జవాబుల పట్టికలో అలాగే ఉందమ్మా" అన్నారు. ఆ పట్టిక ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. రాత్రి కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఏడ్చింది. మార్కు పోతే పోయింది, తప్పెక్కడో చెప్పండి.

ఆముదాలవలస_ప్యాసింజర్
పిల్లదీ తప్పు కాదు, పట్టికదీ తప్పు కాదు. ముందు సగం గ్రీకు, వెనక సగం లాటిన్. అర మార్కు అడగండి.

మూడులాంతర్ల_అమ్మ
ఒకే మాటలో రెండు భాషలా?

పార్వతీపురం_ఆటో
మన ఇళ్లలో ఒకే వాక్యంలో నాలుగు భాషలు కాపురం చేయడం లేదా అక్కా.

నాగావళి_గట్టు
ప్యాసింజర్ గారు చెప్పింది నిజమే. 'టేలె' అంటే గ్రీకులో దూరం. 'విజియో' అంటే లాటిన్‌లో చూపు. ఈ రెండింటినీ అతికించిన మాట 1900లో పారిస్‌లో బయటికి వచ్చింది. అక్కడ ప్రపంచ ప్రదర్శన జరుగుతున్నప్పుడు విద్యుత్తు మీద ఒక అంతర్జాతీయ సభ పెట్టారు. కాన్‌స్టాంటిన్ పెర్‌స్కీ అనే రష్యన్ అందులో ఒక పత్రం చదివాడు, ఫ్రెంచిలో. ఆ పత్రంలో వాడిన మాట ఇది. అంటే అప్పటికి టీవీ పెట్టె లేదు, పేరు మాత్రం సిద్ధం. బిడ్డ పుట్టకముందే బారసాల అయిపోయింది.

ఇంకో తమాషా చూడండి. గ్రీకు ముక్క, లాటిన్ ముక్క, పుట్టింది ఫ్రెంచి పత్రంలో. నాలుగు జవాబుల్లో మూడింటికి ఏదో ఒక హక్కు ఉంది. జర్మన్ ఒక్కటే పాపం ఉత్త చేతులతో నిలబడింది. ప్రశ్న తయారుచేసిన వారికి దండం పెట్టాలి.

ఈ అతుకు ఇంగ్లీషు వారిలో కొందరికి అసలు నచ్చలేదు. మాంచెస్టర్ గార్డియన్ పత్రికకు చాలా ఏళ్లు సంపాదకుడిగా ఉన్న సి.పి. స్కాట్, సగం గ్రీకు సగం లాటిన్ అయిన ఈ మాటతో ఏ మంచీ జరగదని పెదవి విరిచినట్టు చెబుతారు.

కోటగుమ్మం
రాత్రి పది గంటల చర్చా కార్యక్రమాలు చూస్తే స్కాట్ గారి మాట ఫలించినట్టే ఉంది.

బొబ్బిలి_వీణ
నేను స్కాట్ పక్షం. ఇలాంటి మాటలు బద్ధకంలోంచి పుడతాయి. సరిగా పెట్టాలనుకుంటే పెట్టలేరా? జర్మన్లు తమ సొంత మాటలతోనే 'ఫెర్న్‌జేయెన్' అని పెట్టుకున్నారు, దూరం చూడటం అని. గ్రీకులు కూడా ఆ లాటిన్ ముక్కను తీసి అవతల పెట్టి 'తిలేఓరసి' అనుకున్నారు, రెండూ వాళ్ల మాటలే. అంతెందుకు, మన దూరదర్శన్ చూడండి. దూరం సంస్కృతమే, దర్శనం సంస్కృతమే. అతుకు కనబడదు.

పార్వతీపురం_ఆటో
అతుకు కనబడదు, నిజమే. కానీ వీణ గారూ, మీ ఇంట్లో పాడైతే "దూరదర్శన్ బాగుచేయాలి, రండి" అని మెకానిక్కును పిలుస్తారా? ఆ మాట ఒక్క చానెల్‌కు పేరైపోయింది. పెట్టె మాత్రం టీవీయే.

ఆముదాలవలస_ప్యాసింజర్
పూర్తి లాటిన్ కావాలంటే కూడా దారి ఉంది. దూరాన్ని వాళ్లు 'ప్రోకుల్' అంటారు. ప్రోకుల్‌విజన్. ఎవరో పిండివంట పేరు అనుకుంటారు.

పార్వతీపురం_ఆటో
మరి నా బండి సంగతి చెప్పండి. ఆటో ఏ భాష?

నాగావళి_గట్టు
గ్రీకు. 'ఆటోస్' అంటే తానే, తనంత తాను. దాని వెనక 'మొబిలిస్' అనే లాటిన్ మాట పెట్టి ఆటోమొబైల్ అన్నారు, తనంత తాను కదిలేది. ఇదీ ఫ్రాన్సులోనే, 19వ శతాబ్దంలో. ఫ్రెంచివారికి ఈ అంట్లు కట్టే సరదా ఎక్కువ.

పార్వతీపురం_ఆటో
తనంత తాను కదిలేదా! వానాకాలం పొద్దున మా బండిని ముగ్గురు తోస్తే తప్ప కదలదు. పేరు పెట్టినవాడు కొండ దారిలో ఒక్కసారి నాతో రావాలి.

సర్వే_గొలుసు
ఆటో నయం. అందులో కనీసం ఒక అర్థం ఉంది. బస్సు సంగతి తెలుసా? లాటిన్‌లో 'ఓమ్నిస్' అంటే అంతా. 'ఓమ్నిబుస్' అంటే అందరి కొరకు. 1820లలో ఫ్రాన్సులో నాంత్ అనే ఊళ్లో అందరూ ఎక్కే గుర్రపు బండికి ఆ పేరు పెట్టారు. తర్వాత ఇంగ్లీషు వాళ్లు ముందు భాగాన్ని కోసి పారేసి చివరి తోక ఉంచుకున్నారు. ఆ తోక ఏమిటి? బహువచనంలో చతుర్థీ విభక్తి ప్రత్యయం. మన 'కొరకు' లాంటిది.

కోటగుమ్మం
అంటే రోజూ శ్రీకాకుళం నుంచి పాలకొండకు నేను 'కొరకు' ఎక్కి వెళుతున్నానన్నమాట.

ఆముదాలవలస_ప్యాసింజర్
విభక్తికి వేలాడుతూ వెళుతున్నారు. సీటు దొరకదు కదా.

మూడులాంతర్ల_అమ్మ
పిల్లకు చదివి వినిపిస్తున్నాను. 'కొరకు ఎక్కడం' దగ్గర నవ్వింది. ఇలాంటి సగం సగం మాటలు ఇంకా ఉన్నాయా అని అడుగుతోంది.

మందులకొట్టు_రాజాం
మా అరల నిండా అవే. 'ఐటిస్' అని ముగిసే జబ్బులన్నింటికీ తోక గ్రీకు. తల ఎవరిదో చూసుకోవాలి. అపెండిక్స్ లాటిన్, కాబట్టి అపెండిసైటిస్ సగం సగం. అది పెద్ద పాత మాట కూడా కాదు. 1886లో రెజినాల్డ్ ఫిట్జ్ అనే అమెరికా డాక్టరు పెట్టిన పేరు. టాన్సిల్ కూడా లాటినే, కాబట్టి టాన్సిలైటిస్ కూడా అంతే. ఫ్రెంచివారు మాత్రం ఇక్కడ పట్టింపుకు పోయారు. టాన్సిల్‌కు గ్రీకు నుంచి వచ్చిన మాట తీసుకుని 'అమిగ్డలైట్' అంటారు. ఆ గ్రీకు మాటకు అర్థం బాదంకాయ. గొంతులో రెండు బాదంకాయలు వాచాయన్నమాట.

నా కొట్టులో ఎక్కువగా కదిలే మందులు బీపీవి. హైపర్‌టెన్షన్: హైపర్ గ్రీకు, టెన్షన్ లాటిన్. జర్మనీలో 'హైపర్‌టోనీ' అంటారు, అది మొత్తం గ్రీకు. మాత్రలు మాత్రం అవే. పేరు శుద్ధిగా ఉందని బీపీ దిగదు వీణ గారూ.

బొబ్బిలి_వీణ
నాకు బీపీ లేదు. ఈ చర్చ వల్ల వస్తే మీ దగ్గరికే వస్తాను.

నాగావళి_గట్టు
హైపర్ అన్నారు కాబట్టి ఒక మాట. గ్రీకు 'హైపర్', లాటిన్ 'సూపర్', సంస్కృతం 'ఉపరి' ఒకే మూలం నుంచి వచ్చినవి. ముగ్గురికీ అర్థం 'పైన'. అలాగే విజన్‌లో ఉన్న లాటిన్ ధాతువు, మన వేదం, విద్యల్లో ఉన్న 'విద్' ధాతువు తోబుట్టువులే. ఒకరు చూపు దగ్గర ఆగారు, మరొకరు తెలివి దాకా వెళ్లారు. కాబట్టి మనం సంకరం అంటున్నది చాలాచోట్ల మేనరికమే.

బొబ్బిలి_వీణ
మేనరికాలు ఆరోగ్యానికి మంచివి కావని రాజాం వారే చెబుతారు.

మొక్కజొన్న_చేను
సంకరం అంటే చిన్నచూపు ఎందుకు? మేము వేసేది హైబ్రిడ్ మొక్కజొన్నే. దిగుబడి దానికే ఉంది.

సర్వే_గొలుసు
హైబ్రిడ్ అనే మాట అసలు అర్థం వింటే మీ చేను అలుగుతుంది. లాటిన్‌లో మొదట ఊరపందికీ అడవిపందికీ పుట్టిన పిల్లను అలా అనేవారు.

మొక్కజొన్న_చేను
అడవిపందులతో మాకు పాత పరిచయమే. రాత్రంతా డబ్బా కొడుతూ కాపలా కాస్తాం. ఇప్పుడు విత్తనాల సంచీ మీద కూడా అదేనా!

ఒక తేడా మాత్రం ఉంది. హైబ్రిడ్ గింజలు దాచి మళ్లీ ఏడాది వేస్తే ఆ దిగుబడి రాదు, ఏటా కొనాలి. మీ మాటలు కూడా అంతేనా? ఒక్క తరంతో సరా?

నాగావళి_గట్టు
మంచి ప్రశ్న. మాటలు అలా కావు. టెలివిజన్ నుంచి 'టెలివైజ్' అని క్రియ పుట్టింది. అంతకుముందు గ్రీకులోనూ లేదు, లాటిన్‌లోనూ లేదు. సంకరం గింజ మొలిచి, పిలకలు కూడా వేసింది.

పాత_మాస్టారు
మొదటి నుంచీ చదువుతున్నాను. ఇంగ్లీషు సంగతి మీరంతా చెబుతున్నారు, నేను తెలుగు చెబుతాను. 34 ఏళ్లు బడిలో తెలుగు వ్యాకరణం చెప్పినవాణ్ణి, చేయి ఊరుకోదు.

ఈ తగాదా మనకు కొత్త కాదు. చిన్నయసూరి తన వ్యాకరణంలో సమాసాలను మూడు విధాలుగా విడదీశాడు: సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రమం. చెరువు నీరు అంటే రెండూ తెలుగు, ఆచ్ఛికం. తటాకోదకం అంటే రెండూ సంస్కృతం. తటాకపు నీరు అంటే మిశ్రమం. తటాకానికి 'పు' చేర్చి తెలుగు చొక్కా తొడిగిన తర్వాతే నీటి పక్కన కూర్చోబెట్టాడు, చూశారా? ఆ చొక్కా తొడగకుండా తటాకనీరు అని నేరుగా అతికిస్తే వైరి సమాసం అన్నారు. వైరి అంటే శత్రువు. రెండు పదాలు పీటల మీద కూర్చుని ఒకదాన్నొకటి గుర్రుగా చూసుకుంటున్నట్టు.

పరీక్షల్లో ఈ తప్పుకు నేనూ మార్కులు తగ్గించాను. ఇప్పుడు తలుచుకుంటే కొన్నిచోట్ల నా ఎర్ర కలం తొందరపడింది.

బొబ్బిలి_వీణ
మాస్టారూ, మీరు వెనక్కి తగ్గకండి. పాలాభిషేకం అని రాస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. పాలు తెలుగు, అభిషేకం సంస్కృతం. క్షీరాభిషేకం అని నిక్షేపంలాంటి మాట ఉండగా ఇదేమిటి? గుడిలో రసీదు మీద కూడా పాలాభిషేకమే.

కోటగుమ్మం
మీరు అక్కడే ఆగిపోయారు. మా వీధిలో పోయిన నెల ఫ్లెక్సీకి పాలాభిషేకం చేశారు. ఫ్లెక్సీ లాటిన్ ధాతువు, వంగేది అని. పాలు తెలుగు. అభిషేకం సంస్కృతం. త్రివేణీ సంగమం.

ఆముదాలవలస_ప్యాసింజర్
పాలు ప్యాకెట్టువి అయితే నాలుగోది కూడా కలిసింది.

సర్వే_గొలుసు
వీణ గారు జిల్లా అని రాయడం మానేస్తారా? అరబ్బీలో పక్కటెముక, పక్క అని అర్థమున్న మాట నుంచి వచ్చింది. జిల్లాధికారి అంటే అరబ్బీ, సంస్కృతం కలిపి, సంధి కూడా చేశాం. సవర్ణదీర్ఘం! ఆ రెండు భాషలు ఎప్పుడూ ఒక పంక్తిలో భోంచేయలేదు, మన కలెక్టరాఫీసు బోర్డు మీద తప్ప.

బొబ్బిలి_వీణ
అది పరిపాలన మాట. వాడక తప్పదు.

సర్వే_గొలుసు
ఓటుహక్కు? ఓటుకు మూలం లాటిన్ 'వోటుమ్', దేవుడికి మొక్కుకునే మొక్కు. హక్కు అరబ్బీ.

పార్వతీపురం_ఆటో
మొక్కా! అందుకేనా ఎన్నికల ముందు ఇంటింటికీ వచ్చి మొక్కుతారు!

రేషన్_క్యూ
నాదీ ఒకటి. రేషన్‌కార్డుదారులు. రేషన్ లాటిన్, లెక్క అని అర్థమున్న మాట నుంచి. కార్డు గ్రీకు 'ఖార్తేస్' నుంచి, పాపిరస్ రేకు. అదే లాటిన్ మీదుగా, ఫ్రెంచి మీదుగా మన డిపో దాకా వచ్చింది. 'దారు' పారసీ. చివర 'లు' మనది. ఒక్క మాటలో నాలుగు. క్యూలో నిలబడి లెక్కపెట్టాను, అంత సమయం ఉంటుంది అక్కడ.

ఆముదాలవలస_ప్యాసింజర్
చివరి 'లు' ఒక్కటి చాలు, మొత్తం సరుకు మన ఇంటిదే.

వంశధార_వాసి
ఇవన్నీ ఒకే గాటన కట్టడం సరికాదు. జిల్లా, రైతు, బజారు మనకు ఏ పదానికి ఆ పదంగా వచ్చాయి, మనం పక్కపక్కన పెట్టాం. టెలివిజన్ అలా కాదు. 'టెలి' ఒంటరిగా నిలబడే మాట కాదు. పండితులు నిఘంటువుల్లోంచి ముక్కలు ఏరి తయారుచేశారు. పండితుడు చేస్తే తప్పు తప్పే, జనం నోట్లో నలిగితే వేరు.

నాగావళి_గట్టు
ఈ తేడా నేను ఒప్పుకుంటాను. కానీ పండితులు కావాలని చేసిన సంకరం కూడా ఉంది. 1795లో ఫ్రాన్సు మీటరు కొలతలు పెట్టినప్పుడు ఒక నియమం పెట్టుకుంది: పెంచేటప్పుడు గ్రీకు, తగ్గించేటప్పుడు లాటిన్. వెయ్యికి గ్రీకు కిలో, నూరో వంతుకు లాటిన్ సెంటి, వెయ్యో వంతుకు మిల్లి. మీటరు మాత్రం గ్రీకు 'మెత్రోన్' నుంచి. కాబట్టి కిలోమీటరు శుద్ధం, సెంటీమీటరు సంకరం. అది పొరపాటు కాదు. చెవిన పడగానే పెద్దదో చిన్నదో తెలియాలని చేసిన ఏర్పాటు.

సర్వే_గొలుసు
ఇరవై రెండేళ్లుగా పొలాలు కొలుస్తున్నాను, ఇది ఇప్పుడే విన్నాను. గట్టు తగాదాలన్నీ సెంటీమీటర్ల దగ్గరే వస్తాయి. కిలోమీటర్ల దగ్గర ఎవరూ కొట్టుకోరు. సంకరంలోనే దోషం ఉందేమో వీణ గారు చెప్పినట్టు.

కోటగుమ్మం
హెలికాప్టరు కూడా ఈ జాబితాలోకి వస్తుందా? హెలి అంటే సూర్యుడు కదా?

నాగావళి_గట్టు
రాదు, అది మొత్తం గ్రీకు. హెలి ప్లస్ కాప్టరు కూడా కాదు. 'హెలికో' ప్లస్ 'ప్టెరోన్': మెలి తిరిగిన రెక్క. 1861లో ఫ్రాన్సులోనే పుట్టింది. అతుకు 'కో' తర్వాత ఉంటే జనం 'కో' ముందు కోశారు. అలా తప్పుగా కోసిన ముక్కతోనే హెలిప్యాడ్, హెలిపోర్ట్ తయారయ్యాయి. హెలిపోర్ట్‌లో 'పోర్ట్' లాటిన్. కాబట్టి తల్లి శుద్ధం, పిల్ల సంకరం.

మొక్కజొన్న_చేను
పెద్దలు వస్తున్నారంటే మా ఊరి బడి మైదానంలో సున్నంతో గుండ్రంగా గీస్తారే, అదేనా? ఆ తర్వాత వారం రోజులు పిల్లలు ఆ గీత చుట్టూ కోడిపుంజు ఆట ఆడతారు.

రేషన్_క్యూ
స్మాగ్, బ్రంచ్ కూడా ఇలాంటివేనా? రెండు మాటలు కలిపినవే కదా.

వంశధార_వాసి
కలిపినవే, కానీ వేరే జాతి. స్మాగ్‌లో 'స్మోక్' అనే పొగ మాటా 'ఫాగ్' అనే మంచు మాటా రెండూ ఇంగ్లీషువే, కొస కొరికి ఇక్కడో ముక్క అక్కడో ముక్క అతికించారు. రెండు తలుపులుగా తెరుచుకునే ప్రయాణపు పెట్టె పేరు, 'పోర్ట్‌మాంటో', ఇలాంటి మాటలకు పెట్టింది లూయిస్ కరోల్, 1871లో. టెలివిజన్‌లో దేన్నీ కొరకలేదు.

రెండు గుణాలూ ఉన్న మాట కూడా ఉంది: ఎలెక్ట్రోక్యూషన్. ఎలెక్ట్రో గ్రీకు నుంచి, సీమగుగ్గిలానికి వాళ్ల పేరు 'ఎలెక్త్రోన్'. వెనక ముక్క ఎక్సిక్యూషన్ అనే లాటిన్ సంతతి మాట తోక. మరణశిక్షకు కరెంటు వాడిన రోజుల్లో అమెరికాలో పుట్టింది. ఇప్పుడు కరెంటు తీగ తగిలి పోయినా అదే మాట. శిక్ష అన్న అర్థం జారిపోయింది.

మూడులాంతర్ల_అమ్మ
మా అత్తగారు పక్కనే కూర్చుని వింటున్నారు. "ఇంత మాట్లాడారు, మన మూడు లాంతర్ల సంగతి ఒక్కరూ ఎత్తలేదేమి?" అంటున్నారు.

నాగావళి_గట్టు
అమ్మగారికి నమస్కారం చెప్పండి, నిజంగా మరిచిపోయాం. లాంతరు మనకు ఇంగ్లీషు నుంచి వచ్చినా పోర్చుగీసు నుంచి వచ్చినా దాని వెనక ఉన్నది లాటిన్ 'లాంటెర్నా'. దాని వెనక గ్రీకు 'లాంప్టేర్', దివిటీ. మూడు అచ్చ తెలుగు. కాబట్టి విజయనగరం నడిబొడ్డున ఉన్న కూడలి పేరే మిశ్రమ సమాసం.

పాత_మాస్టారు
లాంతరు అనగానే మా అమ్మ గుర్తొచ్చింది. చీపురుపల్లి దగ్గర మా పల్లెకు కరెంటు రాకముందు, సాయంత్రం నాలుగు దాటగానే అరుగు మీద లాంతర్లు వరసగా పెట్టుకుని కూర్చునేది. చిమ్నీ తీసి, లోపల పొయ్యి బూడిద చల్లి, పాత పంచె గుడ్డ దూర్చి మణికట్టు తిప్పుతూ తుడిచేది. ఆ గాజు కిర్రుకిర్రుమనేది. నా చేయి చిన్నది కాబట్టి లోపలికి దూరుతుందని ఆ పని నాకు అప్పగించింది. ఒకసారి పగలగొట్టాను. వీపు మీద ఒకటి పడింది కానీ, ఆ రాత్రి చదువు మాత్రం తప్పింది.

ఈ చర్చ చదివాక మనవణ్ణి అడిగి వెతికించాను. చిమ్నీ కూడా గ్రీకు 'కామినోస్' నుంచి లాటిన్ మీదుగా వచ్చిందట, కొలిమి అని అర్థం. ఇక కిరసనాయిలు! కిరోసిన్ అనే పేరు 1854 ప్రాంతంలో అబ్రహాం గెస్నర్ అనే కెనడా ఆయన పెట్టాడు, గ్రీకులో మైనాన్ని 'కేరోస్' అంటారని. ఆయిలు లాటిన్ 'ఓలియుమ్' నుంచి. అంటే మా అమ్మ గరాటు పెట్టి పోసిన కిరసనాయిలు కూడా టెలివిజన్ లాంటిదే, ముందు గ్రీకు, వెనక లాటిన్. ఆమె వేలిముద్ర మనిషి. వత్తి ఒక్కటే మన ఇంటిది, అదీ సంస్కృతం 'వర్తి' అరిగి అరిగి వత్తి అయింది.

మందులకొట్టు_రాజాం
మాస్టారూ, చిన్న కొసరు. ఆ లాటిన్ 'ఓలియుమ్' కూడా గ్రీకువారి ఆలివ్ నూనె మాట నుంచి తెచ్చుకున్నదే. ఇక శుద్ధ లాటిన్ ఎక్కడ?

రేషన్_క్యూ
అందరూ అప్పు మీదే బతికారన్నమాట.

పాత_మాస్టారు
ఇక్కడే నేను చెప్పదలచుకున్నది ఉంది. వ్యాకరణంలో ఆచ్ఛికం అంటే దేశ్యం ఒక్కటే కాదు, తద్భవం కూడా. సంస్కృతం నుంచి వచ్చిన మాట మన నోట్లో అరిగి రూపు మారితే, దాన్ని తెలుగుగానే లెక్కపెట్టారు. పైడితల్లి అమ్మవారి సిరిమాను తీసుకోండి. సిరి అనేది సంస్కృత 'శ్రీ'యే. మాను దేశ్యం. అయినా దాన్ని వైరి సమాసం అన్నవాడు లేడు, సిరి ఎప్పుడో ఇంటిపిల్ల అయింది కాబట్టి. అరగని శ్రీని తెచ్చి అతికిస్తే శ్రీమాను అవుతుంది. అర్థమే మారిపోతుంది, చెట్టు పోయి ధనవంతుడు వస్తాడు.

విజన్ కూడా ఇంగ్లీషులో కొన్ని వందల ఏళ్లుగా కాపురం ఉన్న మాట. ఫ్రెంచి మీదుగా వచ్చి ఎప్పుడో స్థిరపడింది. టెలి కూడా టెలిస్కోపుతో, టెలిగ్రాముతో అలవాటైపోయింది. ఇక అక్కడ గ్రీకు, లాటిన్ కొట్టుకోవడం ఏమిటి? ఇద్దరూ ఇంగ్లీషు ఇంటి కోడళ్లు. పుట్టిళ్లు వేరు, అంతే.

బొబ్బిలి_వీణ
సిరిమానుకు ఒప్పుకున్నాను. అమ్మవారి పండుగ మీద వాదించను. కిరసనాయిలుకూ ఒప్పుకున్నాను, మా ఇంట్లోనూ వాడాం. పాలాభిషేకానికి మాత్రం ఒప్పుకోను. పాలు అరగలేదు, అభిషేకం అరగలేదు, రెండూ తాజాగా ఉన్నాయి.

వంశధార_వాసి
శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పండితుల తెలుగుకూ జనం తెలుగుకూ మధ్య ఇదే పోరాటం జీవితమంతా చేశారు. ఆయన జిల్లా వాళ్లం, గుడి రసీదు మీద జనం రాసుకున్న మాటను కొట్టేద్దామా?

బొబ్బిలి_వీణ
గిడుగు వారి పేరు చెప్పి నోరు మూయించడం అన్యాయం. ఆయన వాడుక భాష అన్నారు, వ్యాకరణం వద్దనలేదు. సవర భాషకు కూర్చుని వ్యాకరణం రాసినాయన ఆయన.

వంశధార_వాసి
అది నిజం. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాలాభిషేకం మాత్రం తీసుకోను.

మూడులాంతర్ల_అమ్మ
ఈ రోజు జరిగింది చెబుతాను. పిల్ల రాత్రి ఒక తెల్లకాగితం మీద టెలివిజన్ అని పెద్దగా రాసి, మధ్యలో నిలువు గీత గీసి, ఎడమవైపు గ్రీకు, కుడివైపు లాటిన్ అని రాసింది. కింద బాణం గుర్తు పెట్టి పారిస్, 1900. అడుగున మూలలో ఒక లాంతరు బొమ్మ, ఎందుకని అడిగితే "ఊరికే" అంది. పొద్దున తీసుకెళ్లి టీచరుకు చూపించింది. ఆవిడ మంచావిడే. చదివి నవ్వి, తరగతి మొత్తానికి బోర్డు మీద వేసి చూపించారట. తర్వాత ఆ ప్రశ్నే తీసేశారు. ఇప్పుడు పరీక్ష 24 మార్కులకు. మా పిల్లకు 24కి 24.

పార్వతీపురం_ఆటో
గెలిచాం అక్కా! మిఠాయి ఏది?

మూడులాంతర్ల_అమ్మ
ఆగండి. లాటిన్‌కు టిక్కు పెట్టిన పిల్ల ఒకర్తి ఉంది, మా ఎదురింటి వాళ్లే. ఆ పిల్లకు ముందు 25కి 25, తరగతి మొత్తంలో ఒక్కతే. ఇప్పుడు ఆమెదీ 24కి 24 అయింది. వాళ్లమ్మ సాయంత్రం ముగ్గు వేస్తూ నన్ను చూసి తలుపు వేసుకుంది.

ఆముదాలవలస_ప్యాసింజర్
నేను మొదటే చెప్పాను, అర మార్కు అడగండని.

బొబ్బిలి_వీణ
ఆమెను కూడా ఇక్కడికి పిలవండి. నా వైపు మనుషులు తక్కువగా ఉన్నారు.